భిలాయిలో పాత కార్ల యంత్రభాగాల సంరక్షణ, ఆధునికీకరణ

తయారీ ఆగిపోయిన పాత కారును రోడ్డు మీద నడిచే స్థితిలో నిలపడానికి రెండు రకాల పనులు చేస్తారు. అరిగిన భాగాలను మొదటి కొలతలకు తీసుకురావడం సంరక్షణ. పాత అమరిక చాలనిచోట మెరుగైన భాగాలు బిగించడం ఆధునికీకరణ. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో పాత కారు అంటే ముందుగా గుర్తొచ్చేది హిందూస్తాన్ అంబాసిడర్, ఆ తర్వాత ఫియట్ 1100, ప్రీమియర్ పద్మిని. ఈ కార్ల యంత్ర నిర్మాణం, భిలాయి ఎండ, వాన, దుమ్ము వాటికి పెట్టే పరీక్షలు, చేయించవలసిన పనులు, వాటి వరస, వర్తించే చట్టాలు ఈ వ్యాసంలో ఉన్నాయి. ఏ మార్పుకైనా భద్రతే మొదటి ప్రమాణం కావాలి, వేగం చివరిది కావాలి.

పట్టణం, కార్లు

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం మొదలైంది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ మొదలైంది కూడా 1950ల చివర్లోనే. అంటే ఈ కారూ, ఈ కర్మాగారమూ దాదాపు ఒక ఈడువి. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి ఫియట్ 1100డి తయారుచేసింది. 1974లో దాని పేరు ప్రీమియర్ పద్మినిగా మారింది.

భిలాయిలో కారు మరమ్మతుకు రెండు అనుకూలతలు ఉన్నాయి. మొదటిది రవాణా. హౌరా నుంచి నాగపూర్ మీదుగా ముంబయి వెళ్లే రైలుమార్గం మీద, కోల్‌కతా, ముంబయిలను కలిపే పాత జాతీయ రహదారి మీద ఈ ఊరుంది. ఉత్తర్‌పారా హౌరా దాపునే ఉంది. ఇక్కడివాళ్లు జీఈ రోడ్డు అని పిలిచే ఆ దారికి ఒక కొస అంబాసిడర్ పుట్టిల్లయితే, రెండో కొస ఫియట్ పుట్టిల్లు. పాత అంబాసిడర్ విడిభాగాలకు పేరున్న కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి సరుకు నేరుగా ఈ దారిన రావచ్చు.

రెండో అనుకూలత పనివాళ్ల చేతి నేర్పు. ఉక్కు కర్మాగారం చుట్టూ నందిని రోడ్డు వైపు చిన్న పరిశ్రమల వాడ, హథ్‌ఖోజ్‌లో భారీ పరిశ్రమల వాడ ఏర్పడ్డాయి. టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, పోతపని వాళ్లు ఇక్కడ తరాలుగా ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి కర్మాగారానికి, రైల్వేకు పనికి వచ్చి ఖుర్సీపార్, చరోడా వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ శ్రామిక లోకంలో భాగమే. మైక్రోమీటరు పట్టి కొలిచే అలవాటున్న ఊళ్లో పాత ఇంజన్ మరమ్మతుకు కావలసిన అసలు నైపుణ్యం దొరుకుతుంది.

అయితే భిలాయి ఉక్కంతా కారుకు పనికొస్తుందనుకోవడం పొరపాటు. ఈ కర్మాగారం ప్రధానంగా రైలు పట్టాలు, మందపాటి ప్లేట్లు, నిర్మాణ ఉక్కు, వైరు రాడ్లు తయారుచేస్తుంది. కారు బాడీకి కావలసిన పలుచని కోల్డ్ రోల్డ్ రేకు బయటి నుంచే రావాలి.

యంత్ర నిర్మాణం

తొలి అంబాసిడర్లలో సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. తర్వాత వచ్చిన 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజనే ఈ కారుకు దశాబ్దాల పాటు గుండెకాయ అయింది. దీని బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ., ఫైరింగ్ క్రమం 1-3-4-2. క్రాంక్ షాఫ్టును మూడు మెయిన్ బేరింగులు మోస్తాయి. క్రాంక్ వెనక కొసన రబ్బరు సీలు ఉండదు. అక్కడి మరచుట్టు ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపుతుంది. అందుకే అరిగిన ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు పడతాయి. బేరింగు సందు పెరిగిన కొద్దీ కారుడు ఎక్కువవుతుంది.

ముందు చక్రాల బరువును టార్షన్ బార్లు మోస్తాయి. ఇవి మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే పొడవాటి ఉక్కు కడ్డీలు. వెనక కమాను కట్టలు ఉంటాయి. స్టీరింగు ర్యాక్ అండ్ పినియన్ రకం. పాత నమూనాల్లో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులే. గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉంటుంది. కింద విడి చట్రం లేదు, బాడీయే చట్రం. అందువల్ల బాడీ అడుగున పట్టే తుప్పును యంత్రభాగాల సమస్యగానే చూడాలి. 1980 ప్రాంతంలో 1489 సీసీ డీజిల్ ఇంజన్, 1990ల తొలినాళ్లలో 1817 సీసీ ఐసుజు పెట్రోలు ఇంజన్, 5 గేర్ల పెట్టె వచ్చాయి.

ఫియట్ 1100, పద్మినిలలో 1089 సీసీ ఇంజన్ ఉంటుంది. ఈ కారు తేలిక, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు. అంబాసిడర్ నట్లు చాలావరకు అంగుళాల కొలతవి, ఫియట్‌వి మిల్లీమీటర్లవి. ఒకదాని స్పానర్లతో రెండోదాన్ని విప్పితే బోల్టు తలలు గుండ్రంగా అరిగిపోతాయి. పాత బోల్టు పోయిందని దగ్గరి కొలత మెట్రిక్ బోల్టును బలవంతంగా ఎక్కిస్తే మర చెడుతుంది. అది బ్రేకు దగ్గరో, స్టీరింగు దగ్గరో అయితే ప్రాణాంతకం.

ఎండ, వాన, దుమ్ము

వేసవిలో భిలాయి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ వరకు పోతుంది. ఆ రోజుల్లో బి-సిరీస్ ఇంజన్‌కు వచ్చే ప్రత్యేకమైన చిక్కు పెట్రోలు ఆవిరి కావడం. ఈ ఇంజన్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. పెట్రోలు పంపు కూడా ఇంజన్ దిమ్మెకే బిగించి ఉంటుంది. వేడికి గొట్టంలో పెట్రోలు బుడగలు కట్టి పంపు లాగలేకపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన కారు మళ్లీ కదలదు. తడిగుడ్డ చుట్టడం అప్పటికి గట్టెక్కించే ఉపాయం మాత్రమే. కార్బురేటర్ కింద వేడిని ఆపే రేకు, మందమైన ఇన్సులేటర్ బిగించాలి. పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పాలి.

పెట్రోలులో కలిపే ఇథనాల్ మరికొన్ని చిక్కులు తెచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రంను, ఫ్లోట్ చాంబరులోని సూదికొనను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరుపడి తుప్పు పట్టిస్తాయి. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, డయాఫ్రం వేయించడం తప్పనిసరి. నెలల తరబడి నిలిపి ఉంచే కారు ట్యాంకులో పాత పెట్రోలు వదిలేయకూడదు. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో దేశమంతటా ఆగిపోయింది. పోతఇనుప సిలిండర్ హెడ్‌లో వాల్వు కూర్చునే అంచులకు సీసం రక్షణగా ఉండేది. అందుకే హెడ్ విప్పిన సందర్భంలోనే గట్టి ఉక్కు సీట్లు వేయించడం మంచిది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వానల్లో డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత లోపల తేమ చేరి స్పార్కు దారి తప్పుతుంది. తడిసిన డ్రమ్ములు సమంగా పట్టక కారు పక్కకు లాగుతుంది. దుమ్ము ఇంజన్‌లోకి పోతే సిలిండరు గోడలను సాన రాయిలా గీస్తుంది. గాలి ఫిల్టరును పొడి కాలంలో పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే చూడాలి. ఆయిల్ బాత్ రకం క్లీనరు ఉన్న కార్లలో అడుగున చేరిన మడ్డిని కడిగి కొత్త ఆయిల్ పోయాలి.

ఇంజన్ నిర్వహణ

బి-సిరీస్ ఇంజన్‌లో క్యామ్ షాఫ్టు మీద టాపెట్లు నేరుగా రాసుకుంటూ తిరుగుతాయి. అందుకని 20డబ్ల్యూ-50 వంటి చిక్కని ఆయిల్, అరుగుదలను తగ్గించే జింకు సమ్మేళనాలు ఉన్నది వాడాలి. కొత్త కార్ల కోసం చేసిన పలుచని ఆయిల్ దీనికి పనికిరాదు. వేడెక్కిన ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి చదరపు అంగుళానికి 50 పౌండ్ల ప్రాంతంలో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. హెచ్చరిక దీపం మాత్రమే ఉన్న కారుకు ఆయిల్ ప్రెషర్ మీటరు బిగించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్పు. దీపం వెలిగేసరికి చాలావరకు నష్టం జరిగిపోయి ఉంటుంది.

టాపెట్ సందు 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. కాంటాక్ట్ పాయింట్ల సందు కూడా అంతే. ప్లగ్గు సందు 0.025 అంగుళం. టాపెట్లు టకటకమంటున్నాయని సందు మరీ బిగిస్తే శబ్దం తగ్గుతుంది, కాని వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. చెవిని నమ్మకుండా ఫీలర్ గేజితోనే కొలవాలి.

ఎస్.యు. కార్బురేటర్‌లో గాలి ఒత్తిడికి లేచే పిస్టను, దానికి వేలాడే సన్నని సూది కలిసి పెట్రోలు మోతాదును నిర్ణయిస్తాయి. పిస్టను తేలిగ్గా లేచి టక్కుమని కింద పడాలి. పైన ఉండే డ్యాంపరులో పలుచని ఆయిల్ ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే కారు తడబడుతుంది. త్రాటిల్ కడ్డీ బుష్‌లు అరిగితే అక్కడి నుంచి గాలి చొరబడుతుంది. అప్పుడు ఎన్ని మరలు తిప్పినా ఐడిలింగ్ కుదరదు. ముందు బుష్‌లు మార్చి, ఆ తర్వాతే ట్యూనింగ్ చేయాలి.

పెద్ద పనికి దిగేముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. వాటి మధ్య తేడా పది శాతం దాటితే కారణం వెతకాలి. ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులనో, గాస్కెట్‌నో అనుమానించాలి. బోరింగ్ చేయించేటప్పుడు 0.010 అంగుళాల మెట్లలో ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. పిస్టన్లు చేతికి వచ్చి, వాటిని కొలిచాకే బోరు కొట్టించాలి. దొరుకుతాయనే నమ్మకంతో దిమ్మెను ముందే కోయిస్తే ఆ కొలత పిస్టన్లు దొరకని పరిస్థితి రావచ్చు. క్రాంక్ జర్నళ్ల గ్రైండింగుకూ ఇదే సూత్రం.

శీతలీకరణ

ఎండలు ముదరగానే థర్మోస్టాట్ తీసేసే అలవాటు చాలా గ్యారేజీల్లో ఉంది. అది రోగాన్ని దాచే పని. ఇంజన్ పని ఉష్ణోగ్రతకు చేరకపోతే ఆయిల్‌లో తేమ నిలిచి బోరు తొందరగా అరుగుతుంది. 82 డిగ్రీల థర్మోస్టాట్‌ను ఉంచి, రాగి, ఇత్తడి రేడియేటర్‌ను విప్పించి గొట్టాల్లో కడ్డీ ఆడించి మడ్డి తీయించాలి. సిలిండరు దిమ్మెలోని నీటి దారులను కడిగించాలి. మామూలు నీటికి బదులు తుప్పును అడ్డుకునే కూలెంట్ వాడాలి. రేడియేటర్ మూత, ఫ్యాన్ బెల్టు సరిగా ఉన్నాయో చూడాలి. ఇవన్నీ చేశాకా వేడెక్కితే అప్పుడు అదనపు వరస ఉన్న రేడియేటర్ కోర్, విద్యుత్ ఫ్యాన్ గురించి ఆలోచించవచ్చు.

బ్రేకులు, సస్పెన్షన్

బ్రేకు ఫ్లూయిడ్ తేమను పీలుస్తుంది. తేమ చేరితే అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. రెండేళ్లకోసారి పూర్తిగా మార్చాలి. వీల్ సిలిండర్ రబ్బరు కప్పులు, మెత్తని గొట్టాలు చూడడానికి బాగున్నా వయసైతే మార్చాల్సిందే. పాత కారులో మాస్టర్ సిలిండర్ ఒక్కటే దారిలో ఒత్తిడి పంపుతుంది. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందువల్ల రెండు దారుల మాస్టర్ సిలిండర్, వాక్యూమ్ సర్వో, ముందు డిస్క్ బ్రేకులు ఈ కారుకు అన్నిటికంటే విలువైన ఆధునికీకరణలు. తర్వాతి తరం అంబాసిడర్ల ముందు భాగాలను పాత కారుకు అమర్చేటప్పుడు చక్రం సందు, స్టబ్ యాక్సిల్ కొలతలు సరిచూసుకోవాలి.

కింగ్ పిన్‌లకు, స్టీరింగు కీళ్లకు సుమారు 1,500 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొడితేనే లోపలి నీరు, ఇసుక పోతాయి. టార్షన్ బార్లను విప్పితే కుడిదాన్ని ఎడమకు బిగించకూడదు. ఏళ్ల తరబడి ఒకే వైపు మెలి తిరిగిన ఉక్కును ఎదురు వైపు మెలిపెడితే విరిగే ప్రమాదం ఉంది. బార్లు బిగించే అడ్డదూలం దగ్గర తుప్పు ఉందేమో ఏటా సుత్తితో తట్టి చూడాలి. కమాను కట్టల బుష్‌లు, షాకిళ్లు అరిగితే వెనక భాగం ఊగుతుంది. మొదట్లో వేసిన 5.90-15 క్రాస్ ప్లై టైర్ల బదులు తగిన కొలత రేడియల్ టైర్లు వేస్తే తడిరోడ్డు మీద పట్టు మెరుగవుతుంది. రెండు రకాలనూ ఒకే యాక్సిల్‌కు కలిపి వేయకూడదు.

విద్యుత్ పరికరాలు

పాత కార్లలోని డైనమో ఐడిలింగులో బ్యాటరీని సరిగా నింపలేదు. ఆల్టర్నేటర్ వేస్తే రాత్రి ప్రయాణంలో, వానలో వైపరూ దీపాలూ కలిసి పనిచేయగలుగుతాయి. అతి పాత కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉండవచ్చు. ఆల్టర్నేటర్‌కు ముందు ఆ ధ్రువాన్ని మార్చాలి, లేకపోతే డయోడ్లు కాలిపోతాయి. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే డెల్కో రూపం మారకుండానే టైమింగ్ నిలకడగా ఉంటుంది. విప్పిన పాయింట్లు, కండెన్సరు డిక్కీలో ఉంచుకుంటే దారిలో మాడ్యూల్ పోయినా ఇల్లు చేరవచ్చు. హెడ్‌లైట్లకు రిలేలు, ప్రతి సర్క్యూట్‌కూ ఫ్యూజు పెట్టించాలి. గుడ్డ తొడుగు పెళుసుబారిన పాత వైర్లు కారులో మంటలకు కారణం కావచ్చు.

లేత్ పని, ఉక్కు ఎంపిక

దొరకని భాగాన్ని లేత్ మీద తిప్పించడం భిలాయిలో తేలికైన పని. ఇక్కడే జాగ్రత్త కూడా కావాలి. కొలత సరిపోయినంత మాత్రాన భాగం సరిపోయినట్టు కాదు. మామూలు మైల్డ్ స్టీల్ కడ్డీతో తిప్పిన కింగ్ పిన్ చూడడానికి అసలుదానిలాగే మెరుస్తుంది, కొద్ది నెలల్లో అరుగుతుంది లేదా వంగుతుంది. కింగ్ పిన్‌కు పైపొర గట్టిగా, లోపలి భాగం దెబ్బను తట్టుకునేలా ఉండాలి. అందుకు కేస్ హార్డెనింగ్‌కు పనికొచ్చే మిశ్రమ ఉక్కు, ఆ తర్వాత సరైన హీట్ ట్రీట్‌మెంట్, చివర గ్రైండింగ్ అవసరం. గొలుసు పళ్ల చక్రాలకు, షాఫ్టులకు ఈఎన్ 8, ఈఎన్ 24 వంటి రకాలను పనిభారాన్ని బట్టి ఎంచుకుంటారు. బుష్‌లకు ఫాస్ఫర్ బ్రాంజ్ తగినది.

బ్రాకెట్లు, బుష్‌లు, స్పేసర్లు, లింకేజీ పిన్నులు స్థానికంగా చేయించుకోవచ్చు. స్టీరింగు చేతులు, బ్రేకు భాగాలు, చక్రం బోల్టులు మాత్రం తయారీదారు ముద్ర ఉన్నవే వాడాలి. స్టీరింగు భాగాన్ని వెల్డింగ్ చేయడం ఏ పరిస్థితిలోనూ అంగీకరించదగినది కాదు. పాత స్టబ్ యాక్సిల్‌ను తిరిగి బిగించే ముందు డై పెనిట్రెంట్ పరీక్ష చేయిస్తే కంటికి కనపడని పగుళ్లు బయటపడతాయి. వెల్డింగు అతుకుల తనిఖీకి వాడే ఈ పరీక్ష పారిశ్రామిక పట్టణంలో అందుబాటులో ఉండేదే.

మార్పుల వరస

మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగు కీళ్లు. రెండోది తుప్పు పట్టిన బాడీ అడుగు. మూడోది పెట్రోలు గొట్టాలు, వైరింగ్, సీటు బెల్టులు. నాలుగోది శీతలీకరణ, ఇగ్నిషన్, ఆల్టర్నేటర్. ఇంజన్ శక్తి పెంచడం, 5 గేర్ల పెట్టె అమర్చడం చివరివి. ఐసుజు ఇంజన్ వేసిన పాత కారు హుషారుగా పరుగెత్తుతుంది. డ్రమ్ బ్రేకులు అలాగే ఉంచి ఆ పని చేస్తే ఆ హుషారుకు కారులో ఉన్నవాళ్లు, ఎదురొచ్చేవాళ్లు మూల్యం చెల్లించాలి.

రెండో నియమం, మార్పు తిరిగి తీయగలిగేదిగా ఉండాలి. ప్రాచీన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ముప్పై ఏళ్లు దాటిన వాహనాలను చారిత్రక వాహనాలుగా పరిగణిస్తుంది. దాని టురిన్ చార్టర్ కూడా తక్కువ జోక్యాన్ని, చేసిన ప్రతి పనినీ నమోదు చేయడాన్ని కోరుతుంది. బాడీని కోయకుండా బోల్టులతో బిగించిన మార్పే మంచిది. విప్పిన అసలు భాగాన్ని చీటీ కట్టి దాచాలి.

చట్టం, నమోదు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. ఇంజన్ మార్పుకు ముందుగా రవాణా అధికారి అనుమతి తీసుకుని పత్రంలో నమోదు చేయించాలి. దుర్గ్ జిల్లా వాహనాల సంకేతం సీజీ 07. పదిహేనేళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ తనిఖీతో రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించాలి. బీఎస్-2 ఉద్గార ప్రమాణాలకు ముందు నాటి పెట్రోలు కార్లకు కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం మించకూడదు. కార్బురేటర్, ఇగ్నిషన్ సరిగా ఉన్న బి-సిరీస్ ఇంజన్ ఈ హద్దులో ఉండగలదు.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పులు లేని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. ఇలా నమోదైన కారును రోజువారీ అవసరాలకు, వ్యాపారానికి వాడకూడదు. మార్క్ 2 అంబాసిడర్ల వంటివి ఈ వయసు దాటాయి. వాటి అసలు ఇంజన్ తీసేస్తే ఈ హోదాకు అర్హత పోయే అవకాశం ఉంది.

నైపుణ్యం కొనసాగింపు

2000 తర్వాత ఉద్గార నిబంధనలు బిగుసుకున్న కొద్దీ కొత్త కార్లలో కార్బురేటర్ కనుమరుగైంది. కంప్యూటర్ తెర మీద లోపం కోడ్ చదవడం నేర్చిన మెకానిక్‌కు టైమింగ్ లైటు పట్టే అవసరం రావడం లేదు. పాత పనివాళ్లు తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ కలిసిన మాటల్లో, చేత్తో చూపించి నేర్పిన విద్య ఎక్కువగా కాగితానికి ఎక్కలేదు. అందుకే ప్రతి పాత కారుకూ ఒక పనిపుస్తకం ఉండాలి. వేసిన పిస్టన్ల సైజు, క్రాంక్ అండర్‌సైజు, వాడిన ఉక్కు రకం, బిగింపు టార్కు, ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు అందులో రాయాలి. పనిచేసిన మెకానిక్‌తోనే రాయించి, పక్కన ఒక కుర్ర ఫిట్టర్‌ను కూర్చోబెట్టి నేర్పించగలిగితే ఆ కారు తర్వాతి యజమానికి అదే విడిభాగాలంత విలువైన ఆస్తి అవుతుంది.